పదకొండు అనాథలు

శనివారం పొద్దున్నే వచ్చి తండ్రి లాయిడ్‌తో కాఫీ తాగడం కర్‌స్టిన్‌కి అలవాటు. తల్లి ఇనెజ్ పోయిన ఈ రెండేళ్ళలో ఒక్క వారం కూడా తప్పలేదు. వాళ్ళ ఊరు డులూత్‌లో మంచు మోకాళ్ళ దాకా పడినా సరే, వచ్చేది, కారు టైర్ల గురించో పైకప్పు గురించో మాట్లాడేది, వెళ్ళిపోయేది.

ఆ రోజు లాయిడ్ పెరట్లో పిట్టలకు గింజలు వేస్తుండగా బల్ల మీద ఆయన ట్యాబ్లెట్ టింగుమంది. చూడకూడదనుకుంటూనే చూసిందామె.

"లాయిడ్, రేపు నీ అనాథల్ని తీసుకుని వచ్చెయ్. అందరం ఎదురుచూస్తున్నాం. మెర్లీన్."

అనాథలా? కర్‌స్టిన్ ఒక బ్యాంకులో మోసాలు పట్టుకునే విభాగంలో పనిచేస్తుంది. ఎవరు పలకరించినా ఆమెకు దొంగల్లాగే కనిపిస్తారు. పైకి జరిపి చదివింది. నాలుగు నెలల కబుర్లు! 'నిన్న ఒక అనాథని విప్పబోయాను, మనసొప్పలేదు' అని తండ్రి. 'విప్పకు, ఉన్నదున్నట్టే తీసుకురా' అని మెర్లీన్.

లాయిడ్ లోపలికి రాగానే నిలదీసింది.

"నాన్నా, ఎవరీ మెర్లీన్?"

"స్నేహితురాలు. బెమిడ్జీలో ఉంటుంది. ఆన్‌లైన్‌లో మా గ్రూపు. రేపే మొదటిసారి అందరం ఆ ఊళ్ళో కలుసుకుంటున్నాం."

"మొహం చూశావా ఎప్పుడైనా?"

"చేతులు చూశాను. ఫొటోల్లో."

"చేతులా! నీకు డెబ్భై నాలుగేళ్ళు నాన్నా. అనాథల పేరు చెప్పి నీలాంటివాళ్ళకి టోపీ పెట్టేవాళ్ళని రోజుకి పదిమందిని చూస్తాను నేను."

లాయిడ్ కాసేపు అయోమయంగా చూశాడు. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఓసి పిచ్చిమొహమా! పిల్లలు కాదే. బొంతలు కుట్టేవాళ్ళ మాట అది. బొంత పూర్తికాక మిగిలిపోయిన చదరపు గుడ్డముక్కల్ని అనాథలంటారు."

"బొంతలా? నీకు బొత్తాం కుట్టుకోవడమే రాదు!"

"రాదు. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను."

ఆయన గదిలోంచి ఒక బూట్ల పెట్టె తెచ్చాడు. లోపల పదకొండు ముక్కలున్నాయి.

"మీ అమ్మ కుట్టుగదంతా ఒక్క మధ్యాహ్నంలో సంచుల్లో కుక్కి చర్చికి ఇచ్చేశావే, ఆ రోజు వీటిని దొంగలా తీసి ట్రక్కులో దాచుకున్నాను."

కర్‌స్టిన్ మొహం ఎర్రబడింది. "నీకోసమే చేశాను. కళ్ళముందుంటే బాధపడతావని."

"నాకోసమో, నీకోసమో."

ఆ మాట గట్టిగానే తగిలింది. కోపం తెచ్చుకోవాలో సిగ్గుపడాలో తెలియక ఆమె నోటికొచ్చింది అడిగేసింది. "ఆవిడంటే ఇష్టమా నీకు?"

"ఏమోనే. ఆవిడంటే ఇష్టమో, ఆవిడతో మాట్లాడితే మీ అమ్మ దగ్గర కూర్చున్నట్టుంటుందని ఇష్టమో. నాకే తెలియడంలేదు."

ఆమె ఒక్కో ముక్కా తిరగేసింది. ఒకదానిలో కుట్లు వంకరటింకరగా పోయాయి.

"ఇది నీ నిర్వాకమే కదా?"

"మీ అమ్మదే. ఆఖరి నెలలో చెయ్యి వణికేది. సూదిలో దారం నేనే ఎక్కించేవాణ్ణి."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు తల్లీ. అమ్మ పేరెత్తితే టైర్ల గోల ఎత్తుకునేదానివి. ఈ వంకర కుట్టు ఫొటో పెడితే, ముక్కూ మొహం తెలియనివాళ్ళు అరవై మంది అడిగారు, ఆవిడ ఎలా ఉండేదని."

కర్‌స్టిన్‌కి ఏడుపు ఆగలేదు. తల్లి పోయినప్పుడు కూడా ఇంతగా ఏడవలేదు. లాయిడ్ లేచి ఆమె తల నిమిరాడు. చాలాసేపటికి ఆమె ముక్కు తుడుచుకుని, "రేపు నేనూ రానా?" అంది.

"ఉత్తినే రానివ్వరు. ముందు గ్రూపులో చేరాలి. ఏదో ప్రశ్న కూడా అడుగుతారు."

ఆమె ఫోన్ తీసింది. 'ఈ గ్రూపులో ఎందుకు చేరాలనుకుంటున్నారు?' అనుంది. బొంతలంటే ఆసక్తి అని రాసి చెరిపేసింది. ఇంకేదో రాసి అదీ చెరిపేసింది. చివరికి, కళ్ళు మసకబారుతుంటే, ఒక్కో అక్షరమే నొక్కింది.

'మా అమ్మ ఎలా ఉండేదో మా నాన్న మీకు చెప్పాడట. నాకూ వినాలనుంది.'