రెండో శనివారం ఉపవాసం

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి కార్ఖానా బస్తీలోని ఆ రెండు గదుల వాటాలో ఎప్పటి హడావిడే. యెషయా చొక్కా గుండీ ఊడిందని విసుక్కుంటున్నాడు. అతని తల్లి కాంతమణి వంటింట్లో ఉప్మా కలుపుతోంది. ఆరేళ్ల సువార్త జడ వేయించుకోకుండా మంచం చుట్టూ పరుగెత్తుతోంది. రెండు రోజుల కిందట ఇదే పిల్ల పిలిస్తే పలక్కుండా, కళ్లు తేలేసి ఆసుపత్రి మంచం మీద పడుందంటే ఎవరు నమ్ముతారు? నమ్మరు. వచ్చిన చిక్కల్లా అదే. డాక్టర్లూ నమ్మడం లేదు.

ఏడాదిన్నరలో ఇది నాలుగోసారి. ముందు మగతగా ఉంటుంది, తర్వాత వాంతులు, ఆ తర్వాత ఒళ్లు చల్లబడి స్పృహ తప్పుతుంది. మూడోసారి ఫిట్స్ కూడా వచ్చాయి. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించగానే తెల్లారేసరికి లేచి కూర్చుని టీవీ పెట్టమంటుంది. పరీక్షలన్నీ బాగానే ఉంటాయి. ఒకరు మూర్ఛ అన్నారు, ఒకరు మెదడువాపు అన్నారు, ఇంకొకాయన నులిపురుగులకు మందు రాసి పంపించాడు. చుట్టాల సంగతి సరేసరి. వచ్చిన ప్రతివాళ్లూ ఒక కొత్త రోగం పేరు, ఒక డజను అరటిపళ్లు ఇచ్చి వెళ్లారు.

పిల్ల తల్లి దేవకృప ఏ.ఎస్. రావు నగర్‌లోని బట్టల షోరూంలో పనిచేస్తుంది. అక్కడ శని, ఆదివారాలే గిరాకీ, కాబట్టి ఆ రెండు రోజులూ సెలవన్న మాటే లేదు. పిల్ల నాన్నమ్మ దగ్గరే ఉంటుంది. కాంతమణి పరాయిదేమీ కాదు, దేవకృపకు సొంత మేనత్త. మేనకోడల్ని పట్టుబట్టి కొడుక్కి చేసుకుంది. అందుకే ఆ ఇంట్లో అత్తాకోడళ్ల మధ్య మీరు, గారు అనే పట్టింపుల్లేవు.

ఆ రోజు సెలవు పెట్టి, ఫైళ్లన్నీ సంచిలో వేసుకుని, పిల్లనీ అత్తనీ వెంటబెట్టుకుని దేవకృప నేరేడ్‌మెట్‌లోని సదాశివ డాక్టరు దగ్గరికి వెళ్లింది. పెద్దాయన, పిల్లల డాక్టరు. నిదానస్తుడని పేరు. నిదానమంటే మామూలు నిదానం కాదు, ఒక్కో కాగితం చదవడానికి ఒక్కో యుగం. చివరికి ఒక పాత చీటీ దగ్గర ఆగాడు. పిల్లను తెచ్చినప్పుడు రక్తంలో చక్కెర బాగా తక్కువుందని అందులో రాసి ఉంది. సెలైన్‌తో సరిపోయింది కదా అని దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

"పడిపోయే ముందు ప్రతిసారీ పాప చివరిగా ఎప్పుడు తిన్నది? జెర ఆలోచించి చెప్పండమ్మా. ఇంకోసారి ఇట్లయితే లేవకపోవచ్చు, అందుకే అడుగుతున్న" అన్నాడు.

శనివారం తను ఇంట్లో లేదు. అత్త వైపు చూసింది. కాంతమణి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "తిందండీ. ఎప్పట్లాగే పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం" అంది.

డాక్టరు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. అట్లయితే తన అనుమానం తప్పని, మళ్లీ మొదటికొచ్చామని చెప్పి, ఇంకేవో పరీక్షలు రాసిచ్చాడు.

మర్నాడు పొద్దున్న పనిమనిషి బాలమ్మ గిన్నెలు తోముతుంటే, దేవకృప గోడకు ఆనుకుని నిలబడి తన గోడు వెళ్లబోసుకుంది. డాక్టరు తిండి గురించి అడిగాడని, పిల్ల అన్నం తినే పడిపోయిందని చెప్పింది. బాలమ్మ చేతిలో పీచు ఆగింది.

"శనివారం తిన్నదా? ఎవరు చెప్పిన్రమ్మా? రెండో శనివారమొస్తే పెద్దమ్మ ఉపాసముంటది, ఆమె పళ్లెం ఉండది. పిల్ల పళ్లెం సుత ఉండది గద. ఆ పొద్దు నాకు గిన్నెలు తక్కువనే పడతయ్."

దేవకృప లోపలికి పరుగెత్తి ఫైళ్లన్నీ మంచం మీద కుమ్మరించి, గోడ క్యాలెండరు, పాత క్యాలెండరు పక్కన పెట్టుకుని తేదీలు చూసింది. మొదటిసారి జ్వరంతో ఉన్నప్పుడు, ఒక బుధవారం. తర్వాత మూడుసార్లూ రెండో శనివారాలే. తారీఖులన్నీ కళ్లముందే ఉన్నా ఇన్నాళ్లూ ఒక్కసారీ కలిపి చూడలేదు.

కాంతమణి ప్రార్థన ముగించి లేస్తోంది. దేవకృప తలుపు దగ్గరే నిలబడింది.

"అత్తా, శనివారం పిల్ల ఏం తింది?"

"నిన్న చెప్పానుగా."

"డాక్టరుకు చెప్పావు. ఇప్పుడు నాకు చెప్పు."

కాంతమణి మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. పిల్ల మొదటిసారి పడిపోయినప్పుడు, దానితోనూ ఉపవాసం చేయిస్తానని ఆమె మొక్కుకుంది. ప్రతి రెండో శనివారం గుడిలో ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన ఉంటుంది, మధ్యాహ్నం మూడింటిదాకా. ఎవరి స్వస్థత కోసం అడుగుతున్నామో ఆ మనిషి కూడా ఉపవాసముంటే మంచిదని ఆమె నమ్మకం. పిల్లా సంబరంగా ఒప్పుకుంది, అమ్మానాన్నలకు చెప్పనని మాట కూడా ఇచ్చింది. ముందురోజు సాయంత్రం తిన్నదే తిండి. కొన్ని శనివారాలు ఎవరో బిస్కెట్లు చేతిలో పెడితే చాటుగా తినేసేది. ఆ శనివారాల్లో ఏమీ కాలేదు. తినకుండా ఉన్న రోజే పడిపోయేది. అప్పుడు కాంతమణి ఏమనుకుంది? సాతాను శోధన అనుకుంది. ఇంకా గట్టిగా పట్టుబట్టాలనుకుంది.

"నువ్వు తిడతావని చెప్పలేదు కృపా. నిన్న డాక్టరు దగ్గర నోరు పెగల్లేదు. నా ప్రార్థనే దానికి కీడు చేసిందంటారేమోనని భయమేసింది."

"భయమేసిందా?" అంది దేవకృప. "ఇంకోసారి లేవదని ఆయన అంటుంటే విన్నావు. విని కూడా అబద్ధం చెప్పావు. నా బిడ్డకంటే నీకు మాట రాకుండా ఉండటమే ఎక్కువైందా?"

ఆఫీసుకు బయలుదేరబోతున్న యెషయా ఇదంతా గుమ్మంలో నిలబడి విన్నాడు. మెత్తని మనిషి, తల్లి మాటకు ఎదురు చెప్పి ఎరగడు. ఆ రోజు మాత్రం, కొన్నాళ్లు బాపట్లలో చెల్లెలి దగ్గర ఉండమ్మా అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేదని కాంతమణికి అనిపించింది.

ఆమె సంచి సర్దుకుంది. కానీ స్టేషనుకు పోలేదు. ఒక్కతే బస్సెక్కి నేరేడ్‌మెట్‌లో దిగి, సదాశివ డాక్టరు గది ముందు అందరిలాగే చీటీ తీసుకుని కూర్చుంది. లోపలికి పిలవగానే కుర్చీలో కూడా కూర్చోకుండా, "నిన్న నేను అబద్ధం చెప్పాను" అంది.

డాక్టరు కోప్పడలేదు. అన్నీ మళ్లీ మొదటినుంచీ అడిగాడు. ఇంట్లో చిన్నప్పుడే పోయిన పిల్లలెవరైనా ఉన్నారా అని అడిగేసరికి కాంతమణి అక్కడే స్టూలు మీద కూలబడింది. ఆమె తొలిచూలు కూతురు మార్త. నాలుగేళ్లది. తట్టు పోసింది. లంఖణం పరమౌషధమని ఇంటిల్లిపాదీ అన్నారు, మూడు రోజులు నీళ్లు తప్ప ఏమీ పెట్టలేదు. నాలుగోరోజు పొద్దున్న నిద్రలేవలేదు. అమ్మా, బువ్వ అని ముందురోజు అడిగితే, తగ్గాక పెడతాలే అని బుజ్జగించింది తనే. ఈ మాట నలభై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

డాక్టరు యెషయాకు ఫోను చేసి పిల్లను తీసుకురమ్మన్నాడు. సువార్త వేలి కొస నుంచి నాలుగు రక్తపు బొట్లు తీసి, మందపాటి కాగితం మీద ఆరబెట్టి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా మూడు గంటలకోసారి పిల్లకు ఏదో ఒకటి పెట్టమన్నాడు. బాపట్ల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అలాగని మాటలూ కలవలేదు. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు మూడు వారాలు పిల్ల గిన్నె చేతులు మార్చుకున్నారు తప్ప ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఫలితం వచ్చింది. రోగం పేరు నోరు తిరగని ఇంగ్లీషు మాటల వరస. తిండి లేనప్పుడు ఒంట్లో కొవ్వును శక్తిగా మార్చాల్సిన ఎంజైము ఈ పిల్లకు పుట్టుకతోనే సరిగా లేదు. కడుపు నిండి ఉంటే ఏ తేడా కనపడదు, మాడితే ప్రాణం మీదికొస్తుంది. అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తుందని, మేనరికాల్లో ఎక్కువని, చిన్నప్పుడు లంఖణాలతో పోయిన మార్తదీ ఇదే జబ్బయి ఉండొచ్చని డాక్టరు వివరించాడు.

"దీనికి మందు అన్నమే. ఆకలితోని ఉంచొద్దు. జ్వరమొచ్చి తినకపోతే సుత ఇంట్లో కూసోవద్దు, ఆసుపత్రికి తెచ్చి గ్లూకోజ్ ఎక్కియ్యాలె. గిది పాటిస్తే పాప అందరి పిల్లల్లెక్కనే పెరుగుతది."

మందు అన్నమే. ఏడాదిన్నర తిరిగి, ఇన్ని సూదులు పొడిపించి, చివరికి దొరికిన మందు వంటింట్లో ఉంది. యెషయా ఏడుస్తూ నవ్వాడు. దేవకృప మాత్రం జ్వరమన్న మాట దగ్గరే ఆగిపోయింది. మొదటిసారి, ఆ బుధవారం, పిల్లకు జ్వరమొస్తే రెండు రోజులు కాఫీనీళ్లతో సరిపెట్టింది ఎవరు? షోరూంకు పోతూ పోతూ, అన్నం పెట్టకత్తా, లంఖణం ఉంటే తగ్గిపోతుంది అని చెప్పి వెళ్లింది ఎవరు?

ఇన్ని తిట్లు తిన్న అత్త ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఇంటికి రాగానే దేవకృప వంటింట్లోకి వెళ్లి కాంతమణి వెనక నిలబడింది. "మొదట మాడ్చింది నేను అత్తా. నీకు గుర్తుంది కదా? ఎందుకు అనలేదు?"

కాంతమణి తిరగకుండానే, "ఆ మాట మోస్తూ బతకడం నాకు తెలుసే. నీకెందుకులే అనుకున్నా" అంది. దేవకృప ఆమె భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. మార్త ఎలా ఉండేదని అడిగింది. ఆ ఇంట్లో మార్త గురించి ఎవరైనా అడగడం అదే మొదలు.

మళ్లీ రెండో శనివారం వచ్చింది. దేవకృప షోరూంకు సెలవు పెట్టి అత్తతో, పిల్లతో గుడికి వెళ్లింది. సాక్ష్యం చెప్పే సమయానికి కాంతమణి లేచింది. బిడ్డకు స్వస్థత దొరికిందంటుందని అందరూ స్తోత్రానికి సిద్ధమయ్యారు. ఆమె మాత్రం మార్త సంగతి, సువార్త సంగతి, డాక్టరుతో చెప్పిన అబద్ధం, ఏదీ దాచకుండా చెప్పింది. జబ్బు పిల్లల్ని పస్తు పెట్టకండమ్మా, అందుకు దేవుడు ఏమీ అనుకోడు అంది. మధ్యలో ఆగిపోతే దేవకృప వెళ్లి పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంది.

చాప మీదికి వచ్చి కూర్చున్నాక కాంతమణి డబ్బా మూత తీసింది. పెరుగన్నం. ఉపవాసమున్న అంతమంది ఆడవాళ్ల మధ్య మొదటి ముద్ద మనవరాలి నోటికి అందించింది. సువార్త పెదాలు బిగించి, చుట్టూ చూసింది.

"నువ్వు తినవా నాన్నమ్మా? నువ్వు తినకపోతే నేనూ తినను."

మార్త పోయాక ఏ రెండో శనివారమూ కాంతమణి పొద్దు వాలకుండా ఎంగిలిపడలేదు. చేతిలోని ముద్దను తన నోట్లో పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నమిలి మింగింది. రెండో ముద్ద కలిపి పిల్ల ముందుకు చాచింది. సువార్త నోరు తెరిచింది.