చదవకుండా దాటేసిన వార్త

"తాతయ్యా, వేలు తడి చేసుకోకు! అది పేపర్ కాదు!"

పొద్దుటి నుంచి చిట్టి ఆ మాట ఎన్నిసార్లు అందో ఆమెకే తెలీదు. తాతయ్య మళ్ళీ నాలిక మీద వేలు అద్దుకుని టాబ్లెట్ మీద గీశాడు. పేజీ తిరగలేదు సరికదా, ఒక్క అక్షరం బండరాయిలా పెరిగి తెరంతా ఆక్రమించింది.

"ఇదేమిటే, ఇవాళ పేపర్ మొత్తం 'ఠ' ఒక్కటే వేశారా? పోనీలే, అదొక్కటైనా కనిపించింది."

చిట్టికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆమె పనిచేసేది కళ్ళద్దాల షాపులో. ఊళ్ళో అందరికీ అద్దాలు కుదిర్చింది గానీ, తాతయ్య చూపుకి మాత్రం ఏ అద్దమూ పనికిరాలేదు. అందుకే షాపుకి వెళ్ళేముందు రోజూ ఆయనకి పేపర్ చదివి వినిపించేది. మధ్యలో ఆయన తగువులు, ఈమె వెక్కిరింతలు. ఆ అరగంట ఇద్దరికీ ప్రాణం.

ఇంతలో ఆ పేపర్ వాళ్ళు అచ్చు ఆపేశారు. పాత చందాదారులకి తలో టాబ్లెట్ చేతిలో పెట్టి, ఇకపై ఇందులోనే చదువుకోమన్నారు. అప్పట్నుంచి చిట్టికి నరకం. సగం వార్తలో ఉండగా ప్రకటన ఊడిపడేది. అది మూస్తే వార్తే మాయమయ్యేది. చివరికి చార్జింగ్ అయిపోయేది.

కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో ఒకబ్బాయి, వానకి తడిసి ముద్దయి ఉన్నాడు.

"నమస్కారమండీ. పేపర్ ఆఫీసు నుంచి. టాబ్లెట్ వాడకం నేర్పడానికొచ్చాను."

"పేపరే లేదుగా, ఇంకా పేపర్ ఆఫీసేమిటి?"

"బోర్డు మార్చలేదండీ ఇంకా."

నవ్వొచ్చింది గానీ చిట్టి నవ్వలేదు. కోపంగా ఉన్నప్పుడు నవ్వితే కోపానికి విలువేముంటుంది? తువ్వాలు మాత్రం తెచ్చి విసిరింది.

ఆ తర్వాత రెండు వారాలూ అతను వస్తూనే ఉన్నాడు. అక్షరాలు తలకిందులయ్యాయని ఒకసారి, తెర నల్లబడిందని ఒకసారి చిట్టి ఫోన్ చేసేది. నల్లబడిన తెర బటన్ నొక్కితే వస్తుందని ఆమెకి బాగానే తెలుసు. అడిగితే మాత్రం ఒప్పుకోదు.

"మీ టాబ్లెట్ వచ్చాక మా ఇంట్లో మనశ్శాంతి లేదు," అనేది కాఫీ ఇస్తూ.

"నాకు బాగానే ఉందండీ," అనేవాడు కాఫీ తాగుతూ.

ఒక సాయంత్రం ఆమె షాపు నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరిదో గొంతు. తాతయ్య కుర్చీలో, పక్కన ఆ అబ్బాయి, ఒళ్ళో టాబ్లెట్ గడగడా చదివేస్తోంది.

"చూశావటే! దీనికి నోరొచ్చింది!"

"ఇక పొద్దున్నే మీకు హడావుడి ఉండదండీ," అన్నాడతను, మెచ్చుకుంటుందేమోనని ఆశగా.

చిట్టికి ఒళ్ళు మండింది. "నన్నో మాట అడగక్కర్లేదా?"

"మీకు సాయంగా ఉంటుందని..."

"ఉండండర్రా," తాతయ్య అడ్డొచ్చాడు. "అబ్బాయ్, పాత పేపర్లు కూడా చదువుతుందన్నావుగా? నేను కండక్టరుగా చేసిన డిపో వార్తలేవైనా పెట్టు."

"వద్దు తాతయ్యా!" అని చిట్టి చెయ్యి చాచింది. అప్పటికే ఆలస్యమైంది.

"మీసాల డ్రైవర్‌గా డిపోలో అందరికీ సుపరిచితులైన విశ్రాంత బస్సు డ్రైవర్ నిన్న కన్నుమూశారు," అంది మిషన్, అదే గొంతుతో. "ఈ వార్తను మీ మిత్రులతో పంచుకోండి."

తాతయ్య కుర్చీలో ముందుకి వంగాడు.

"ఎప్పటిదది?" అన్నాడు తాతయ్య.

"పోయిన నెలదండీ," అన్నాడా అబ్బాయి, ఏమీ అర్థంకాక.

"పోయిన నెల పేపర్ నువ్వే కదే చదివావు?"

చిట్టి టాబ్లెట్ లాక్కుని బోర్లా పెట్టింది. "అప్పటికి నీకు గుండె ఆపరేషన్ అయి వారం కాలేదు. కాస్త కోలుకున్నాక చెబుదామనుకున్నాను. తర్వాత ఎలా చెప్పాలో తెలియలేదు."

"సర్వీసంతా వాడి బస్సులోనే చేశానే నేను," అంటూ తాతయ్య గోడ పట్టుకుని లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

"సంతోషమేనా?" చిట్టి ఆ అబ్బాయి మీద విరుచుకుపడింది. "ఎవరు నేర్పమన్నారండీ దానికి మాటలు?"

"నాకు తెలియదండీ. తెలిసుంటే మీరు చెప్పేదాకా ఆగేవాణ్ణి," అని తలొంచుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు తాతయ్య చిట్టిని చదవనివ్వలేదు. మిషన్‌నీ చదవనివ్వలేదు. అప్పుడే ఆ అబ్బాయి మళ్ళీ వచ్చాడు.

"డ్రైవర్‌గారి ఇల్లు కనుక్కున్నాను. తాతగారిని తీసుకెళ్దామా?"

"మీరు చేసిన నిర్వాకం చాలదా?"

"పదండి," అని వినిపించింది వెనక నుంచి. తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు.

డ్రైవర్ భార్య తలుపు తీసి, ఆయన్ని చూడగానే బావురుమంది. "ఇన్నాళ్ళకా రావడం, అన్నయ్యా? రోజూ ఎదురుచూశాను."

చిట్టి తాతయ్య వెనక్కి జరిగింది. నిజం చెబితే తప్పంతా తనదే.

"ఆపరేషన్ అయి మంచాన పడ్డానమ్మా," అన్నాడు తాతయ్య. "నాదే ఆలస్యం."

చిట్టి కళ్ళు నిండిపోయాయి. తర్వాత ముసలివాళ్ళిద్దరూ ఆ మీసాల సంగతులు చెప్పుకుని ఏడ్చారు, నవ్వారు, మళ్ళీ ఏడ్చారు.

తిరుగు బస్సు ఎక్కుతూ చిట్టి మెల్లగా అడిగింది. "కోపం పోయిందా తాతయ్యా?"

"పోలేదు. రేపట్నుంచి నువ్వే చదువు. ఒక్కటీ దాటెయ్యకు. నా ఏడుపు నన్ను ఏడవనీ." అని ఆమె తల మీద చెయ్యి వేసి, ముందు సీట్లో కూర్చున్నాడు.

వెనక సీట్లో చిట్టి, ఆ అబ్బాయి. కిటికీ మీద వాన మొదలైంది.

"మీ ఇంట్లో నా పని అయిపోయినట్టేనండీ. రేపట్నుంచి వేరే వీధి."

"వెళ్ళండి."

"అది కాదండీ..."

"ఏది కాదు? మిషన్‌కి మాటలు నేర్పారుగా, మీకు రావా?"

అతను గబుక్కున అనేశాడు. "మీరంటే నాకిష్టమండీ! నల్లబడిన తెరని బటన్ నొక్కి బాగుచేయడానికి అంత వానలో ఎవడొస్తాడు?"

చిట్టి మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. "కాస్త మెల్లగా చెప్పొచ్చుగా. నాకూ ఇష్టమే గానీ, బస్సంతా వింటోంది."

ముందు సీటు వెనక్కి తిరిగింది.

"బస్సు సంగతి నాకు తెలీదు, నాకు సగమే వినిపించింది. ఒరే అబ్బాయ్, మొదట్నుంచి చెప్పరా."

"తాతయ్యా!" చిట్టి తల పట్టుకుంది.

ఆ అబ్బాయి ఆమె చేతిని తల మీంచి మెల్లగా తీసి తన చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి తొందరపడకుండా మొదట్నుంచి చెప్పాడు.