పక్క సందులో పాత గొట్టం

ఆ వీధి చివరి ఇంటి పక్క సందు మంచిది కాదు.

ఆ మాట అన్నది నేను కాదు... వీధి వీధంతా అనేది. ఇంటి గోడకీ ప్రహరీకీ మధ్య మూడడుగుల సందు. పగలు కూడా ఎండ పడదు. వాన కురిసిన రాత్రి అందులోంచి చప్పుడు వచ్చేది — టక్... టక్... టక్. ఎవరో గోడ లోపలినుంచి వేలి కణుపులతో కొడుతున్నట్టు. ఎదురింటి టైలరు మబ్బు పట్టిందంటే చాలు, మిషను ఆపేసి కిటికీలు బిగించుకుని పడుకునేవాడు.

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. మొగుడికి మిల్లులో రాత్రి డ్యూటీ. పెళ్ళాం ఒక్కతే ఇంట్లో ఉండేది. ఒక్కగానొక్క కూతురు, ఆరేళ్ళది, రెండేళ్ళ కిందట ఆ సందు పక్క గదిలోనే జ్వరంతో పోయింది. పిలిచే ఓపిక లేక, అమ్మ కావాలనిపిస్తే ఆ పిల్ల గోడ మీద మూడుసార్లు కొట్టేది.

అందుకే, వీధంతా ఆ చప్పుడికి చెవులు మూసుకుంటే, తల్లి మాత్రం మంచం గోడకి జరుపుకుని వినేది. వాన కోసం రోజులు లెక్కపెట్టేది.

గోడ చూస్తే మాత్రం గుండె గుభేలుమనేలా ఉంది. సున్నం ఉబ్బి పెచ్చులు రాలుతోంది. అడుగున వేలు దూరేంత బీట. ఏదో ఒక వానకి అది కూలి పెళ్ళాం మీద పడుతుందని మొగుడికి నిద్ర పట్టలేదు. పోయి మేస్త్రిని పిలుచుకొచ్చాడు.

ఈ మేస్త్రి సంగతి చెప్పుకోవాలి. పునాదుల్లో చేరిన నీళ్ళని బయటికి మళ్ళించడం అతని పని. పనిమంతుడే. నోరు ఇంకాస్త పనిమంతురాలు.

"నా చేతి మీద పదకొండు దెయ్యాలు వదిలిపోయాయి. పదకొండూ నీళ్ళే!" అని మీసం మెలేసేవాడు.

సందులో కాలు పెట్టగానే అతనికి అర్థమైంది. నేల వాలు ఇంటివైపే ఉంది. కప్పు మీది నీళ్ళన్నీ దిగి తిన్నగా పునాదిలోకే పోతున్నాయి. మోకాలి లోతు తవ్వితే, ఎప్పుడో వాడకం మానేసిన గొట్టం ఒకటి బయటపడింది. పునాది కిందుగా గదిలోకి పోయి, నేల మీది ఒక వదులు రాతి పలక కింద ఆగింది. గొట్టంలో నీళ్ళు చేరితే లోపలి గాలి ఆ పలకని లేపి పడేస్తుంది. దెయ్యం అంటే అదే.

ఆ మాట మొగుడి చెవిన వేసి పని మొదలెడితే సరిపోయేది. కానీ చూసి మెచ్చుకునేవాళ్ళు లేకపోతే మేస్త్రికి అన్నం సయించదు. వీధిలో అందర్నీ పిలిచాడు. ఆ తల్లినీ పిలిచి ముందు నిలబెట్టాడు.

"చూడు తల్లీ, నీ దెయ్యాన్ని!" అని గొట్టంలోకి బకెట్టు నీళ్ళు గుమ్మరించాడు.

టక్... టక్... టక్.

వీధంతా ఘొల్లున నవ్వింది. టైలరు అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. గొట్టం మూతికేసి చూస్తూ ఉండిపోయింది.

"ఇంకోసారి పొయ్యన్నా," అంది మెల్లగా.

పోశాడు. ఆవిడకి భ్రమ వదిలిందనుకున్నాడు, పాపం, ఆ తెలివైనవాడు.

పని మూడు రోజులు పట్టింది. గోడ వెంట కందకం తవ్వి, కంకర పరిచి, చిల్లుల పైపు వేసి, నేల వాలు వీధి కాలవవైపు తిప్పాడు. పాత గొట్టాన్ని సిమెంటుతో పూడ్చెయ్యాలి. కానీ సాయంత్రమైపోయింది, సిమెంటు అడుగంటింది. నీళ్ళే రానప్పుడు పూడ్చడం ఎందుకనుకుని, ఒక బండ కప్పి పైన మట్టి పోసేసి ఇంటికి పోయాడు.

తర్వాత వానలు పడ్డాయి. గోడ ఆరింది. చప్పుడు లేదు. ఆ తల్లి ప్రతి వానకీ తెల్లార్లూ కూర్చుని, తెల్లారాక లేచి ముఖం కడుక్కునేది.

వానలు వెళ్ళిపోయి నెలైంది. అప్పుడు మొదలైంది కొత్త పుకారు.

సందులో ఏదో తిరుగుతోందట... అర్ధరాత్రి దాటాక... తెల్లగా. లోపలికి పోతుందట, వస్తుందట, మళ్ళీ పోతుందట. టైలరు రెండుసార్లు చూసి మంచం పట్టాడు.

అంతలో మొగుడు మేస్త్రి గుమ్మంలో నిలబడ్డాడు. "మేస్త్రిగారూ, చుక్క వాన లేదు. గోడ మళ్ళీ నానింది. నాకు రాత్రిళ్ళు డ్యూటీ... మీరే చూడాలి."

ఈ పన్నెండో దెయ్యాన్ని కూడా పూర్తిగా వదిలించేస్తానని, మేస్త్రి ఆ రాత్రే పోయి ప్రహరీ మూల నక్కాడు.

పన్నెండు దాటింది... ఒంటిగంట కావస్తోంది...

తెల్లగా ఒక ఆకారం. వంగింది. బండ జరిగిన చప్పుడు. మళ్ళీ నిశ్శబ్దం... తర్వాత గుడగుడమని నీళ్ళు. గోడ లోపలినుంచి — టక్... టక్... టక్.

మేస్త్రి మూలలోంచి లేచాడు. టార్చి వేశాడు.

ఆ తల్లి. చేతిలో బకెట్టు. గోడకి చెవి.

"ష్... ఆర్పెయ్యన్నా," అంది. "దానికి వెలుగు పడదు."

"ఎన్నాళ్ళనించమ్మా?"

"వానలు ఆగినప్పట్నించీ. రోజూ నలభై బకెట్లు."

"అది నీళ్ళే తల్లీ... నీకు చూపించానుగా!"

"తెలుసన్నా. నీళ్ళేనని తెలుసు." ఆవిడ కళ్ళు మూసుకుంది. "అయినా కొడుతుందిగా."

మేస్త్రి టార్చి గోడ మీదికి తిప్పాడు. గోడ కడుపుతో ఉన్నట్టు సందులోకి ఉబ్బింది. కింది మట్టంతా కొట్టుకుపోయింది. ఆవిడ రెక్క పట్టుకుని లాగడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో అతని చూపు తెరిచి ఉన్న గొట్టం మీద పడింది. పొద్దున మొగుడికి ఏం చెప్పాలా అనుకున్నాడు.

గోడ ఫెళ్ళున విరిగింది. మేస్త్రి వెనక్కి దూకాడు. ఆవిడ దూకలేదు.

దుమ్ము అణగాక, ఇటుకల కిందినుంచి మూలుగు వినిపించింది. కిటికీ మీది దూలం ఆవిడ మీద అడ్డంగా పడి ఉంది. మేస్త్రి భుజం పెట్టి లేపబోయాడు. కదల్లేదు. నలుగురు కావాలి.

నలుగురేం, వీధంతా లేచి వచ్చింది. కానీ గేటు దగ్గరే ఆగిపోయారు. ఒక్కడూ సందులోకి అడుగు వెయ్యడు.

"మేస్త్రీ... ఎవరో మూలుగుతున్నారు," అన్నాడు టైలరు. "ఇంటావిడా?"

అవునంటే చాలు. పరిగెత్తుకొచ్చి లేపేవాళ్ళు. లేపాక మాత్రం అడిగేవాళ్ళు — ఈ వేళప్పుడు ఆవిడకిక్కడ ఏం పని, గొట్టం పూడ్చనిదెవరు, అందులో నీళ్ళు పొయ్యడం నేర్పిందెవరు అని.

"ఆవిడ కాదు," అన్నాడు మేస్త్రి. "దెయ్యం... కళ్ళారా చూశాను. దగ్గరికి రాకండి."

దెయ్యాల్లేవని చెప్పే మనిషే ఆ మాటన్నాక ఇంకెవరాగుతారు? వీధిలో తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. గడియలు పడ్డాయి.

తెల్లారి మొగుడు డ్యూటీ దిగి వచ్చేసరికి మేస్త్రి ఒక్కడే ఇటుకలు తీస్తున్నాడు. చేతులు రక్తాలు కారుతున్నాయి. మూలుగు ఎప్పుడో ఆగిపోయింది.