నాలుగో షెడ్డులో ఆఖరి మందు

వాడు పరిగెడుతున్నాడు!

నల్ల సంచిని గుండెకి అదుముకుని కోళ్ల షెడ్డులోకి దూరిపోతాడు. వెనకే లేడీ ఇన్‌స్పెక్టర్.

మధ్యాహ్నం రెండు గంటలు. అయినా లోపల చీకటే... పరదాలన్నీ దించేశారు. వేల కోళ్లు ఒక్కసారిగా గోల పెడతాయి. ముక్కు పగిలే ఘాటు. ఆమె కాళ్ల కింద పొట్టు మెత్తగా జారుతుంది.

ఆమెది పశువుల మందుల తనిఖీ ఉద్యోగం. ఆస్పత్రుల్లో ఏ మందూ పనిచేయనప్పుడు వాడే ఆఖరి యాంటీబయాటిక్ ఒకటుంది. కోళ్లు త్వరగా బలుస్తాయని దాన్ని మేతలో కలిపేవాళ్లు. ప్రభుత్వం నిషేధించి ఏడాదైంది. ఇవాళ ఇక్కడ మాత్రం ముప్పై ప్యాకెట్లు దొరికాయి.

ముప్పై ఒకటోది ఆ సంచిలో ఉంది.

హుస్స్... టిక్. హుస్స్... టిక్.

ఆమె ఆగిపోతుంది.

వెంటిలేటర్ చప్పుడు! ఎనిమిది నెలల కిందట భర్త మంచం పక్కన కూర్చుని విన్నది. చిన్న ఆపరేషన్. నాలుగు కుట్లు. వాటికి ఏ మందుకీ లొంగని ఇన్‌ఫెక్షన్. పద్దెనిమిది రోజుల్లో మనిషి లేడు. ఆ చప్పుడు మాత్రం పోలేదు. ఇంట్లో ఫ్రిజ్‌లోంచి, ఆఫీసు ఫ్యాన్‌లోంచి... ఇప్పుడీ షెడ్డు గోడల్లోంచి.

కత్తి మెరుస్తుంది!

మేత బస్తాలు కోసే కత్తి. ఆమె గొంతుకి జానెడు దూరంలో.

"నన్ను పోనివ్వండి మేడమ్."

బెదిరించే గొంతు కాదది. బతిమాలుతోంది.

ఆమె మెల్లగా మాటల్లో పెడుతుంది. అతను ఆరేళ్లుగా ఇక్కడ మేత కలుపుతున్నాడట. కాపురం షెడ్డు పక్క గదిలోనే. ఏడేళ్ల కూతురు పెద్దాస్పత్రిలో ఉంది, ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్. ఒక్క మందే మిగిలింది, అదీ స్టాకు లేదని డాక్టర్ చీటీ మీద పేరు రాసిచ్చాడు. ఆ పేరు చూసి అతనికి ప్రాణం లేచొచ్చిందట. రోజూ తను మేతలో పోసే పొడే!

"ఇది మనిషికి ఎక్కించేది కాదు తమ్ముడూ. ప్రాణం తీస్తుంది. అసలు మందు మా ప్రభుత్వ స్టోర్‌లో ఉంది. పాప శాంపిల్ చూసి ల్యాబ్ ఊఁ అంటే గంటలో పంపిస్తారు. అడగనా?"

కత్తి కొంచెం దిగుతుంది.

"స్పీకర్ పెట్టండి."

మనుషుల శాంపిళ్లూ, కోళ్ల శాంపిళ్లూ చూసేది ఒకే ల్యాబ్. ఆమె అక్కడికి ఫోన్ చేసి, అతన్ని అడిగి పాప వార్డు, బెడ్ నంబరు చెబుతుంది. అవతల కీబోర్డు టకటక. ఆగింది.

"మేడమ్... పంపినా లాభం లేదు. ఆ పాపకి సోకిన క్రిమి ఈ మందుకీ లొంగట్లేదు."

అతను ఫోన్‌కి దగ్గరగా వంగుతాడు.

"ఇంకోటి మేడమ్. పోయిన నెల మీరు తెచ్చిన నాలుగో షెడ్డు శాంపిల్... అందులో ఉన్నదీ ఈ క్రిమే."

ఫోన్ కట్.

అతను చేతుల వంక చూసుకుంటాడు. గోళ్ల సందుల్లో తెల్లటి పొడి.

"నాలుగో షెడ్డంటే... ఇదే కదక్కా?"

ఆమె తల ఊపుతుంది.

అతని జేబులో ఫోన్ మోగుతుంది. ఆస్పత్రి నుంచి భార్య. మందు దొరికిందా అని అడగడానికి!

అతను ఎత్తడు. ఫోన్ తీసి ఆమె చేతిలో పెడతాడు.

"మీరే చెప్పండి."