రైస్ మిల్లు మేడ మీద స్టీల్ గిటారు

ఆమదాలవలసలో రైలు పట్టాల పక్కన మూతబడ్డ రైస్ మిల్లు ఒకటుంది. చీకటి పడ్డాక ఆ గేటు ముందునుంచి ఎవరూ నడవరు. నడిస్తే... మేడ మీంచి ఏడుపు వినిపిస్తుందట. ఆడమనిషిదీ కాదు, మగవాడిదీ కాదు — తీగ ఏడుపు.

ఇలా చెప్పేవాళ్లంతా విన్నవాళ్లే. చూసినవాడు ఒక్కడూ లేడు. ఒకాయనకి ఆ ఏడుపు వినగానే జ్వరం తగిలిందట. ఆయనకి ప్రతి వానాకాలమూ జ్వరం తగులుతుంది.

ఆ మిల్లు మా బావగారిది. అంటే మా ఆయన అన్నగారు, నరసింగరావు గారు. ఒకప్పుడు ఆర్కెస్ట్రా పార్టీ నడిపేవారు. పెళ్లిళ్లకీ, నవరాత్రి పందిళ్లకీ బరంపురం దాకా వెళ్లి వాయించి వచ్చేవారు. పార్టీలో గిటార్లన్నీ ఒకే కంపెనీవి, కలకత్తా పింటో వాళ్లవి. రెండు ఎలక్ట్రిక్ గిటార్లు, లావు తీగల బేస్ ఒకటి, స్టీల్ గిటారు ఒకటి. వేరే కంపెనీది కలిస్తే పార్టీ గొంతు చెడుతుందని బావగారి పట్టింపు. ఒక తల్లి పిల్లల్లా పలకాలట! మీగడ రంగు, తల మీద ఇత్తడి అక్షరాలు. నిజం చెప్పొద్దూ, అరవై ఏళ్ల నాటివైనా అందంగానే ఉంటాయి.

స్టీల్ గిటారు వాయించేది జగన్నాధం మాస్టారు. దాన్ని పడుకోబెట్టి వాయిస్తారు. వేళ్లతో తీగలు నొక్కరు. గుండ్రటి స్టీలు కడ్డీ ఒకటి పట్టుకుని తీగల మీద జరుపుతారు. ఆ సాగుడంతా దానిదే. కరెంటు పెడితేనే గట్టిగా పలుకుతుంది. మాస్టారు పోయాక పార్టీ ఆగిపోయింది. గిటార్లన్నీ మిల్లు మేడ మీద పెట్టి తాళం వేశారు.

అప్పట్నుంచే ఏడుపు. మాస్టారే వచ్చి వాయిస్తున్నారట.

"మిల్లుకి కరెంటు పీకేసి ఎన్నేళ్లయింది? మీ మాస్టారు కొత్త మీటరు పెట్టించుకున్నారా?" అని అడిగాను ఒకసారి.

బావగారు మీసం దువ్వుకున్నారు. ఆయన మీసం పెద్దది. ఉన్న ధైర్యమంతా దానికే ఖర్చయింది.

మా అమ్మాయి ఆశ్రిత బేస్ వాయిస్తుంది. విజయనగరంలో కాలేజీ. అరువు గిటారుతోనే నేర్చుకుంది. ఆ పింటో బేస్ తనకిమ్మని పెదనాన్నని ఎన్నాళ్లుగానో బతిమాలుతోంది. సెలవులకి వచ్చినప్పుడు ఆయన మెత్తబడి తాళం చేతికిచ్చారు. దీపాలు పెట్టే వేళ ఒక్కతే వెళ్లింది.

పరుగెత్తుకుంటూ వచ్చేసింది.

"ఏటైందే?"

"అమ్మా... మేడ మీద ఎవరో వాయిస్తన్నారు."

అంతే. గేటు దగ్గరే విందట. మెట్టు కూడా ఎక్కలేదట. ఆ రోజునుంచి తీగ ముట్టుకోలేదు. అరువు గిటారుని మంచం కిందికి తోసేసింది. అన్నం తింటూ కూడా కంచం మీద తాళం వేసే పిల్ల... చేతులు చున్నీలో చుట్టుకుని కూర్చునేది.

బావగారికి ఆ మాత్రం చాలు. అమావాస్యనాడు గిటార్లన్నీ నాగావళిలో కలిపేస్తానన్నారు.

"గిటార్లు మునుగుతాయి, సరే. దెయ్యానికి ఈత రాదని మీకెవరు చెప్పారు?"

"నీకన్నీ ఎటకారమేనమ్మా ఈశ్వరీ. ముందు పిల్ల మొహం సూడు."

చూశాను. చూశాను కాబట్టే బయల్దేరదీశాను. ఈ భయం ఇలాగే ఉంటే బేస్ ఏట్లోకి పోతుంది, దాంతోపాటు నా పిల్ల చేతులూ పోతాయి. తెల్లారితే అమావాస్య.

ముగ్గురం వెళ్లాం. అప్పటికే చీకటి పడింది. బావగారి చేతిలో నిమ్మకాయ.

"పులిహోర కలుపుతారా?" అన్నాను.

నిమ్మకాయని గుప్పిట్లో దాచుకున్నారు.

చెక్క మెట్లు. ఊక వాసన, గబ్బిలాల కంపు. ఫోను లైటు వేశాను. మేడ నేల కూడా చెక్కే. గోడకి ఆనించి బేస్, రెండు గిటార్లు. మధ్యలో స్టాండు మీద... అది. వెల్లకిలా పడుకుని ఉంది. తీగలకి అడ్డంగా స్టీలు కడ్డీ.

"దీన్నిక్కడ ఎవరు పెట్టారు?"

"మేవేనమ్మా." బావగారు మెట్ల మీదే ఆగిపోయారు. "మాస్టారి సెయ్యి తీగ మీదే ఉండిపోవాలని... పార్టీ వాళ్లందరం దణ్ణం పెట్టి ఎట్టేసినాం. తియ్యకూడదు."

అంతలో బయట గూడ్సు బండి వచ్చింది. నేల వణికింది. స్టాండు వణికింది. కడ్డీ కదిలింది... అటు దొర్లింది... ఇటు దొర్లింది...

కుయ్‌ఁ...య్‌ఁ... మంది తీగ.

ఆశ్రిత నా మోచెయ్యి పట్టేసుకుంది. నేను పగలబడి నవ్వాను.

"ఇదిగో, మీ దెయ్యం వెళ్లిపోతోంది. వెనకాల గార్డు పెట్టె కూడా ఉంది, చూసుకోండి! తీగల మీద ఇనుము వదిలేసి, పక్కన రైలు పెట్టుకుని, ఊరు ఊరంతా వణికిపోయారు. సంగీతం తెలిసినవాళ్లు మళ్లీ!"

బావగారు నిమ్మకాయ జేబులో వేసుకున్నారు.

ఆశ్రిత మాత్రం నవ్వలేదు.

"అమ్మా... ఇది దోమ పాటంత ఉంది. కరెంటు లేనిదే ఇది పలికేది ఇంతే. గేటు దాకా వినపడదు. నేను విన్నది పెద్దగా... పాటలా విన్నాను."

"భయపడ్డ చెవికి దోమ కూడా పాటే పాడుతుంది."

"కాదమ్మా."

ఇక ఇలా కాదనుకున్నాను. "మీరిద్దరూ ఆ బేస్ పట్టుకుని గేటు దగ్గరికి పొండి. కడ్డీ తీసి నేను చేత్తో పట్టుకుంటాను. ఇంకో బండి పోతుంది. ఏమీ వినపడదు. అప్పుడు ఇంటికెళ్లి అన్నం తిందాం."

"తియ్యకూడదమ్మా..."

తీసేశాను. చల్లగా, బరువుగా ఉంది.

వాళ్లు దిగారు. నేనొక్కదాన్నే మిగిలాను. బండి కోసం చూస్తూ నిలబడ్డాను. వచ్చింది. నేల వణికింది. లైటు తీగల మీద వేసి, రెప్ప వెయ్యకుండా చూశాను. కిక్కురుమనలేదు. చివరి పెట్టె చప్పుడు కూడా దూరమైపోయింది. మేడ మీద నా ఊపిరి తప్ప ఏమీ లేదు.

గెలిచాను. కడ్డీ గుప్పిట్లో పట్టుకునే దిగాను.

గేటు దగ్గర ఆశ్రిత నవ్వుతోంది. ఎన్నాళ్లకో నవ్వింది. బేస్‌ని గుండెకి హత్తుకుని ఉంది.

"దొంగవమ్మా నువ్వు! కడ్డీ తీస్తానని సెప్పి నువ్వే వాయించేసినావు కదా! మమ్మల్ని బెదరగొడదామనేనా?"

కడ్డీ నా గుప్పిట్లోనే ఉంది.

బావగారు నన్నే చూస్తున్నారు. "ఈశ్వరీ... అది మాస్టారు కచేరీకి ముందు వాయించే ముక్క. తప్పు లేకుండా సివరి దాకా వాయించేసినావు. నీకెప్పుడొచ్చింది?"

ఆయన చెయ్యి జేబులోకి పోతోంది. కళ్లు మేడ వైపు తిరుగుతున్నాయి. ఇంకొక్క క్షణం ఆగితే ఆ బేస్ పిల్ల చేతుల్లోంచి లాక్కుంటారు.

పిల్ల వేళ్లు చూశాను. లావు తీగల మీద ఉన్నాయి. మెల్లగా మీటుతున్నాయి.

నేను పుట్టి బుద్ధెరిగాక ఏ తీగా ముట్టినదాన్ని కాదు.

"నేనే," అన్నాను. "నా పెళ్లిలో మీవాళ్లు రాత్రంతా వాయించి చెవులు కోశారుగా. ఏం, సంగీతం మీకేనా వచ్చు?"

వెటకారంగానే అన్నాను. గొంతు నిలబడింది. కడ్డీ ఉన్న చెయ్యి కొంగులో చుట్టుకున్నాను.

బావగారు ఊపిరి వదిలారు. "ఇంకేటి మరి... ఏట్లో కలపడమెందుకు? పిల్లే వాయించుకుంటాది."

"పదండి, పొద్దుపోయింది," అని రోడ్డెక్కాను. వెనక్కి తిరగలేదు.

ఆశ్రిత కదల్లేదు. మేడ కిటికీ వైపు చూస్తూ అక్కడే నిలబడింది.

"అమ్మా... పైకెళ్లి ఇంకొక్కసారి వాయించవే. నేను కిందనుంచి బేస్ కలుపుతాను."