రాజుగారి పరుపును ఉడకేసిన పైడి

పిల్లలూ, శోణపురం రాజుకు గుణభద్రుడనే ఆస్థాన వైద్యుడు ఉండేవాడు. పేరులో ఉన్న గుణం మనిషిలో లేదు. వాడు చేసిన అన్యాయం చెప్పకుండా నేను కథలోకి పోను.

శోణపురంలో గజ్జి పుట్టింది. వేళ్ల సందుల్లో మొదలై మోచేతులకూ నడుముకూ పాకింది. సైనికులు ఈటెలతో వీపులు గోక్కున్నారు. పరువు పోతుందని ఎవరికి వారే దాచుకున్నారు. గుణభద్రుడు పిలిచినవాళ్లకు మాత్రం చందనం పూశాడు. వారం తిరగ్గానే గజ్జి మళ్లీ వచ్చింది. తన మందు పనిచెయ్యలేదని ఒప్పుకోలేక, "ఊరి మురికి తాకేది చాకళ్లే, వాళ్లే అంటించారు" అని రాజుకు ఎక్కించాడు. రాజు నమ్మి, వాళ్ల రేవునూ రేవు పక్క పొలాన్నీ లాక్కుని వైద్యుడికే ఇచ్చేశాడు.

పైడి అనే చాకలిపిల్ల నేరుగా సభలోకి వచ్చి రెండు చేతులూ చాచింది.

"సూడు మారాజా, మా వోళ్లలో ఒక్కరికైనా గజ్జుందేటి? మేం బట్టల్ని బానలో ఉడకేస్తాం. మేం పడుకునే సాపలూ అందులోనే ఉడుకుతాయి. మీ కోట పట్టుబట్టల్నే మెరుపు పోద్దని ఉడకెయ్యనివ్వరు. గజ్జి పురుగు వాటిల్లోనే బతికుంది."

"ఎంత పొగరు!" అన్నాడు వైద్యుడు.

"పొగరు కాదు బాబూ, పని తెలుసు. గంధకాన్ని కానుగనూనెలో కలిపి పూస్తే పురుగు సస్తాది."

రాజు గోక్కుంటూ ఆలోచించాడు. "పది రోజుల్లో గంధకం తే. ఊరు బాగుపడితే మీ నేల మీది. లేకపోతే ఊరు వదలండి."

గంధకం పొగలకొండ మీద, పది చేతుల రాక్షసుడి దగ్గర ఉంది. పైడి బయలుదేరింది.

అడవిలో ఒక ముని తపస్సు మానేసి చెట్టుకు వీపు రుద్దుకుంటున్నాడు.

"తాతా, ఆ నారబట్ట ఉతికి ఎన్నాళ్లయింది?"

"నూరేళ్లు తల్లీ."

పైడి దాన్ని ఉడకేసి ఆరేసింది. అంతసేపూ ముని సిగ్గుతో ఏటిలో గొంతుదాకా మునిగి కూర్చున్నాడు. తర్వాత ఆనందంగా తన కమండలం ఇచ్చాడు. పైడి పొగలకొండ చేరి అందులోని నీళ్లు చల్లగానే, కొండ చుట్టూ పారే నిప్పులవాగు చీలి దారి ఇచ్చింది.

"మనిషి వాసన!" అని గర్జించాడు రాక్షసుడు.

"వాసన నీదే మావా. గంధకం గుట్టమీద కూకుని గోక్కుంటన్నావేటి?"

"రోజూ పూసుకుంటున్నా. పోదు!"

"పూసుకుని మళ్లా ఆ ఎలుగుతోలే కప్పుకుంటే ఎలా పోద్ది? తియ్యి."

"ఇది మా నాన్నది. ఇవ్వను!"

"అయితే గోక్కుంటా కూకో. నాను పోతాను."

రాక్షసుడు ఏడుస్తూ తోలు విప్పాడు. పైడి అతని ఒంటికి మందు పూసి, ఏనుగుల్ని వండే గంగాళంలో తోలును ఉడకేసింది. పాపం, అది ముడుచుకుని గోచీ అంత అయింది. రాక్షసుడు పది పిడికిళ్లూ ఎత్తాడు.

పైడి కదల్లేదు. "కొట్టే ముందు గోక్కో, సూద్దాం."

గోక్కుందామంటే దురద లేదు. పది చేతులూ ఏం చెయ్యాలో తెలియక వేలాడాయి. మర్నాడు అతనే పది బస్తాల గంధకంతో ఆమెను శోణపురంలో దింపాడు.

"ఊరంతా ఒకేరోజు పూసుకోవాలి. గజ్జి లేదనేవోళ్లూ పూసుకోవాలి. ప్రతి గుడ్డా బానలో పడాల" అంది పైడి సభలో.

"రాజుగారి పరుపు చాకలి బానలోనా?" అరిచాడు గుణభద్రుడు.

"పడకపోతే ఈ బస్తాలు తిరిగి కొండకే పోతాయి."

రాజు లేచి, తన పరుపును తానే నెత్తిన పెట్టుకుని రేవుకు నడిచాడు. ఆ తర్వాత దాచుకునేవాళ్లెవరు?

నెల తిరిగేసరికి ఊళ్లో గోకుడు చప్పుడు లేదు. రాజు పైడిని నగరంలోని రేవులన్నిటికీ అధికారిణిని చేశాడు. చాకళ్లు పాటలు పాడుతూ తమ రేవులోకి దిగారు. గుణభద్రుడికి కొలువు పోయింది. కానీ ఆ పది రోజుల్లోనే వాడు పొలంలో మేడకు రాతిగోడలు లేపేశాడు. కట్టిన మేడ కూల్చడం అశుభమన్నాడు రాజు.

"గోడ నీది, ఎండ నీది కాదు" అని పైడి రోజూ ఆ గోడమీదే బట్టలు ఆరేసింది. వాడు కిటికీ తెరిస్తే ఎదురుగా చాకలి బట్టలే.

అయినా పోయింది పోయిందే. మన కొలతల్లో చెప్పాలంటే, ఆ మేడ కిందికి పోయిన చాకళ్ల నేల ఎకరం పదిహేడు సెంట్లు.