వేడెక్కని ఇంజన్

"మీ బావ బతికే ఉన్నాడు," అన్నాడు చీఫ్. "కానీ ఎత్తుకెళ్లిన ముఠా సాయంత్రం విమానం ఎక్కించేస్తుంది. మన సైనిక సంకేతాలన్నీ ఆయన తలలో ఉన్నాయి. అవీ సరిహద్దు దాటిపోతాయి."

ఏజెంట్ అప్పటికే తలుపు దగ్గరున్నాడు. కుదురుగా నిలబడటం అతనికి చేతకాదు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని 'పిల్లి' అంటారు. కాలుగాలిన పిల్లి అని పూర్తిగా అనడానికి మొహమాటం.

"కూర్చో. ఆయన్ని దాచిన హోటల్ మీద దాడి చేస్తే గదిలోనే కాల్చేస్తారు. ముఠా నాయకుడు తన కారులో తనే తీసుకెళ్తాడు. ఉన్నవి రెండే సీట్లు. కారు కదిలాక వాడి రెండు చేతులూ స్టీరింగ్ మీదే. అప్పుడే పట్టుకోవాలి."

"పట్టుకుంటా."

"దేనితో? అది బ్రిటన్‌లో చేత్తో తయారైన సూపర్‌కార్. ప్రపంచం మొత్తం మీద అరవై ఉన్నాయి. మూడు సెకన్లలో వంద దాటుతుంది. మన జీపు గేరు మార్చేలోపు అది రన్‌వే మీద ఉంటుంది." చీఫ్ కళ్లజోడు తీశాడు. "దానికి ఒక్కటే జబ్బు. ఆయిల్ వేడెక్కేదాకా కారులోని కంప్యూటర్ ఇంజన్‌ని పరుగెత్తనివ్వదు. అందుకే ముందుగా మెకానిక్ స్టార్ట్ చేసి ఉంచుతాడు. ఈరోజు ఆ మెకానిక్‌వి నువ్వే."

"ఏం చెయ్యాలి సార్?"

"స్టార్ట్ చెయ్యకుండా ఊరికే కూర్చో. ముఠాలో మన మనిషి ఒకరున్నారు. ఎవరో అడక్కు."

హోటల్ కింద గ్యారేజీలో పిల్లి పెట్టుడు మీసంతో కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. టూల్‌బాక్స్‌లో దాచిన స్పీకర్ లోంచి ఇంజన్ చప్పుడు గోడలు అదిరేలా వస్తోంది. పై అంతస్తులో నాయకుడు ఆ చప్పుడు వింటూ ఉంటాడు. డాష్‌బోర్డు ముల్లు కూడా వేడెక్కినట్టే చూపించేలా టెక్నికల్ సెక్షన్ ఏర్పాటు చేసింది. అసలు కారు మాత్రం చలనం లేకుండా పడుంది. ఇంతకన్నా తుపాకులకి ఎదురెళ్లడం నయమనిపించింది అతనికి. అక్క ముఖం గుర్తొచ్చి కదలకుండా కూర్చున్నాడు.

లిఫ్ట్ దిగుతున్న శబ్దం. స్పీకర్ ఆపేశాడు.

ముందు నాయకుడు, వెనక చేతులకి బేడీలతో బావ, పక్కన ఎర్రచీరలో ఒక అందగత్తె. నాయకుడి సెక్రటరీ అని ఫైల్లో చదివాడు. బావ అతన్ని గుర్తుపట్టలేదు.

"వేడెక్కిందా?" అన్నాడు నాయకుడు.

"ఎక్కింది సార్."

"నువ్వు చూడు," అన్నాడతను ఆమెతో.

ఆమె కారు వెనకున్న ఇంజన్ మూత మీద చెయ్యి ఆనించింది. ముల్లుతో అబద్ధమాడించవచ్చు కానీ ఇనుముతో ఎలా?

ఆమె చటుక్కున చెయ్యి లాక్కుని వేళ్లు ఊదుకుంది. "కాలిపోతోంది. బయల్దేరండి."

కారు బయటికి జారింది. పిల్లి ఒక్క గెంతులో, వీధిలో డ్రైవర్‌తో సిద్ధంగా ఉన్న జీపెక్కాడు.

తిన్నని రోడ్డెక్కగానే నాయకుడు యాక్సిలరేటర్ నేలకి తొక్కాడు. కారు బద్ధకంగా మూలిగింది. మళ్లీ తొక్కాడు, స్టీరింగ్ మీద గుద్దాడు, ఇంజన్‌ని బూతులు తిట్టాడు. జీపు డ్రైవర్ ఆనందం పట్టలేక హారన్ కొడుతూ సూపర్‌కార్‌ని దాటేశాడు.

ఎదురుగా రన్‌వే గేటు. అవతల విమానం తలుపు తెరిచి ఉంది. సరిగ్గా అప్పుడే ఆయిల్ వేడెక్కింది. వెనకనుంచి గర్జన వినిపించింది. "అడ్డం తిప్పు," అన్నాడు పిల్లి డ్రైవర్‌తో.

జీపు గేటుకి అడ్డంగా ఆగింది. కారు బాణంలా దూసుకొచ్చి, కీచుమంటూ జానెడు దూరంలో నిలిచిపోయింది. బ్రేకులు కూడా ఇంజన్‌కి తగ్గట్టే చేశారు మరి. నాయకుడు జేబులో చెయ్యి పెట్టేలోపు పిల్లి రివాల్వర్ అతని చెవికి ఆనింది.

తర్వాత పిల్లి బావని నేలబారు సీటులోంచి రెండు చేతులా ఎత్తి బయటికి తీశాడు. మీసం పీకేసి ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాడు.

"ఊరుకోరా. మీ అక్కకి ఫోన్ చేసి క్షేమమని చెప్పు," అన్నాడు బావ. "ఏ కారులో వచ్చానో మాత్రం చెప్పకు. నన్నొదిలేసి మీరొక్కరే షికారు తిరిగారా అని నన్ను ఏడాదిపాటు సాధిస్తుంది."